ఇసుకలోకి దిగిన 2 మిల్లీసెకన్లకే రికార్డర్ మూగబోతోంది, తప్పు ఎక్కడ?

ఇసుకబస్తా
మూడు నెలలుగా దీంతోనే కాపురం, ఇక నా వల్ల కావట్లేదు. 30 మి.మీ. లావు, 60 మి.మీ. పొడవు ఉండే చిన్న డేటా రికార్డర్ చేస్తున్నా. దీన్ని 25 సెం.మీ. స్టీలు గొట్టంలో బిగించి, ల్యాబులో గ్యాస్ గన్‌తో గట్టిగా కుదించిన ఇసుకలోకి కొడతాం. వేరే గ్రహాల నేలలోకి గునపంలా దిగే ప్రోబ్‌లు ఉంటాయి కదా, ఆ తరహా పని. 60 మీ/సె దగ్గర కొట్టినప్పుడు 8 సెం.మీ. లోతుకి దిగింది, మొత్తం రికార్డయింది. 150 మీ/సె దగ్గర 25 సెం.మీ. దిగింది, రెండుసార్లు కొట్టాం, ఒకసారి 1.9 మిల్లీసెకన్ల దగ్గర, ఇంకోసారి 2.1 దగ్గర డేటా తెగిపోయింది. విచిత్రం ఏంటంటే తవ్వి తీసి కంప్యూటర్‌కి తగిలిస్తే ఏమీ ఎరగనట్టు చక్కగా పని చేస్తోంది!
లోపల ఉన్నవి: మూడు అక్షాల పీజోఎలక్ట్రిక్ (నొక్కితే ఛార్జి పుట్టించే) షాక్ సెన్సర్, సెకనుకి 2 లక్షల శాంపిళ్లు, డేటా నేరుగా ఎఫ్‌ర్యామ్‌లోకి (కరెంటు పోయినా చెరగని వేగమైన మెమరీ), క్వార్ట్జ్ క్రిస్టల్ క్లాకు, హోల్డర్‌లో సీఆర్2 లిథియం బ్యాటరీ, ఖాళీ అంతా సిలికోన్ జెల్‌తో నింపాను. గ్రాఫ్‌లో శిఖరం 12,000 జి (భూమి ఆకర్షణకి 12,000 రెట్లు) దాకా వచ్చింది. ఏం మార్చాలి?

లెక్కలపిచ్చి
ముందు అంకెలు చూద్దాం. వేగం వర్గాన్ని ఆగిన దూరానికి రెట్టింపుతో భాగిస్తే సగటు వస్తుంది. 150 మీ/సె, 25 సెం.మీ. అంటే 45,000 మీ/సె², సుమారు 4,600 జి. ఆగడానికి పట్టే టైము 3.3 మిల్లీసెకన్లు. సగటే 4,600 ఉంటే శిఖరం 12,000 ఉండటం నమ్మదగ్గదే. నీ రికార్డర్ సగం దారి దాటాక, మంచి దెబ్బల మధ్యలో పోతోంది, మొదటి తాకిడికి కాదు. ఇది గుర్తుపెట్టుకో.

ఊరికేచూస్తున్నా
విమానం బ్లాక్ బాక్స్ ఒకటి విప్పి అందులో పెట్టేస్తే పోలా? ఎలాగూ ఏం జరిగినా బతుకుతుందంటారు

టంకం_పెద్దాయన
సరదాకి అన్నా అడగాల్సిన ప్రశ్నే అడిగావు. బ్లాక్ బాక్స్‌కి పెట్టే షాక్ పరీక్ష 3,400 జి, 6.5 మిల్లీసెకన్లు. కానీ అక్కడ బతకాల్సింది మెమరీ ఒక్కటే. కూలిన క్షణం తర్వాత అది రాయనక్కర్లేదు, అప్పటిదాకా రాసింది చెరిగిపోకపోతే చాలు. అందుకే మెమరీ చుట్టూ కవచం కట్టి మిగతాది ఎటుపోయినా ఫరవాలేదంటారు. ఇతనిది దానికి పూర్తిగా తలకిందులు. దెబ్బ తింటూనే, ఆ దెబ్బనే రాయాలి. సెన్సర్, క్లాకు, కరెంటు, మెమరీ, నాలుగూ ఆ 3 మిల్లీసెకన్లు ఒక్క మైక్రోసెకను కూడా కళ్లు మూయకూడదు.

లెక్కలపిచ్చి
పెద్దాయన చెప్పిన 3,400 జి, 6.5 మి.సె. అర్ధ సైన్ పల్సు (గుట్ట ఆకారపు దెబ్బ) కింద వైశాల్యం, అంటే వేగంలో మార్పు, తీస్తే సుమారు 138 మీ/సె వస్తుంది. ఇతని 150కి ఎంత దగ్గరో చూడండి. సగం టైములో ఆగుతున్నాడు కాబట్టి దెబ్బ ఎక్కువ.

నిద్రలేనిఫర్మ్‌వేర్
తీశాక పని చేస్తోంది అన్నావు కదా, అంటే చావలేదు, రీసెట్ అయింది. ప్రాసెసర్‌లో రీసెట్ ఎందుకు జరిగిందో చెప్పే రిజిస్టర్ ఉంటుంది, అందులో ఏముంది?

ఇసుకబస్తా
అది చదివి ఎక్కడా దాచలేదు 😐 బూట్ అవగానే పాత రికార్డు ఉంటే ముట్టుకోకుండా కూర్చోమని మాత్రం రాశాను.

నిద్రలేనిఫర్మ్‌వేర్
అదొక్కటైనా రాశావు, బతికిపోయావు. లేకపోతే ఆ 1.9 మిల్లీసెకన్లు కూడా ఉండేవి కావు. బూట్‌లో మొదటి పనిగా ఆ రిజిస్టర్‌ని ఎఫ్‌ర్యామ్ మొదటి బైట్లలోకి తోసెయ్. ఇంకో నాలుగు లైన్ల కోడ్, అంతే.

మూడోప్రోటోటైప్
నాకైతే క్రిస్టల్ మీదే అనుమానం. మా దాంట్లో అచ్చం ఇలాగే డేటా మధ్యలో ఆగింది, ఎక్స్‌రే తీస్తే డబ్బా లోపల క్వార్ట్జ్ పలక రెండు ముక్కలు. పల్చటి పలకని రెండు చివర్ల జిగురు చుక్కలతో వేలాడదీస్తారు, అది ఇంత దెబ్బకి ఆగుతుందా? మెమ్స్ ఆసిలేటర్ (సిలికాన్ మీద చెక్కిన బుల్లి క్లాకు) వేశాక ఆ గొడవే లేదు.

నిద్రలేనిఫర్మ్‌వేర్
క్రిస్టల్ విరిగితే మళ్లీ అతుక్కోదుగా, ఇతనిది తర్వాత పని చేస్తోంది. మార్చమనడం మాత్రం రైటే. ఇంకా చెప్పాలంటే చిప్ లోపలి ఆర్‌సీ క్లాకు (క్రిస్టల్ లేనిది) చాలు. 1 శాతం తప్పినా 3 మిల్లీసెకన్ల రికార్డులో కొంప మునగదు.

టంకం_పెద్దాయన
క్రిస్టల్ సంగతి తర్వాత. హోల్డర్‌లో బ్యాటరీ అని చదివిన దగ్గరే నేను ఆగిపోయాను. సీఆర్2 బరువు 11 గ్రాములు. 12,000 జి దగ్గర అది 132 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చుంటే మీ స్ప్రింగు రేకు ఏమవుతుందో ఆలోచించండి.

ఇసుకబస్తా
పెద్దాయన గారూ, స్ప్రింగు చాలా బిగుతుగా ఉందండీ, చేత్తో లాగినా రాదు. పైగా షేకర్ టేబుల్ మీద గంటసేపు ఆడించాం, ఏం కాలేదు.

ఊరికేచూస్తున్నా
ఆ ఇద్దరు మనుషులని కూడా చేత్తో లాగి చూడు, రారు 😂

టంకం_పెద్దాయన
షేకర్ టేబుల్ ఇచ్చేది ఎన్ని జి? 50? 100? అది కంపనానికి పరీక్ష, షాక్‌కి కాదు. గన్‌లోంచి బయటికొచ్చేటప్పుడు బ్యాటరీ వెనక్కి నొక్కుకుంటుంది, ఇసుక తగలగానే ముందుకి దూకుతుంది. ఒక వైపు స్ప్రింగు బాగా నొక్కుకున్నప్పుడు రెండో వైపు కాంటాక్టు వదిలేస్తుంది. చివరలకి నికెల్ పట్టీలు స్పాట్ వెల్డ్ చేసిన బ్యాటరీ తెప్పించి బోర్డుకి టంకం పెట్టండి. హోల్డర్ అనే మాట మర్చిపోండి.

లెక్కలపిచ్చి
బ్యాటరీ ఒక్క క్షణం వదిలేస్తే ఆదుకోవడానికి బోర్డు మీద ఎంత కెపాసిటర్ ఉంది? కరెంటు ఎంత లాగుతోంది?

ఇసుకబస్తా
60 మిల్లీఆంప్స్. 10 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి.

లెక్కలపిచ్చి
అయితే 300 మైక్రోసెకన్లు వదిలేస్తే 1.8 వోల్టులు పడిపోతుంది. 3 వోల్టుల బ్యాటరీ మీద అది రీసెట్టే. అదీ నిజంగా 10 ఉంటే. చిన్న సైజు సిరామిక్ మీద వోల్టేజి పెట్టగానే విలువ సగానికి పడిపోవడం మామూలే.

ఇసుకబస్తా
పెద్దాయన గారూ, చెంపలేసుకుంటున్నా. స్కోపు (వోల్టేజిని గీతగా చూపే పరికరం) తగిలించి రికార్డర్‌ని బల్లకి బిగించి స్టీలు సుత్తితో అక్షం వెంట కొట్టాను. అయిదు దెబ్బల్లో రెండుసార్లు సప్లై 280 మైక్రోసెకన్ల సేపు కిందకి దిగింది. రిజిస్టర్‌లో కూడా వోల్టేజి పడిపోవడం వల్ల రీసెట్ అనే బిట్ నిక్షేపంలా వెలుగుతోంది. హోల్డర్ పీకేశా. కేసు క్లోజ్, అందరికీ థాంక్స్.

సున్నాగీత
అప్పుడే క్లోజ్ చెయ్యకు. ఆ 60 మీ/సె షాట్ మొత్తం రికార్డయింది అన్నావు కదా, అందులో గొట్టం ఇసుకలో ఆగిపోయాక గీత ఎక్కడుంది? సున్నా మీదికి వచ్చిందా?

ఇసుకబస్తా
సరిగ్గా సున్నా కాదు, 400 జి దగ్గర నిలబడింది. ఆఫ్‌సెట్ అనుకుని సాఫ్ట్‌వేర్‌లో తీసేశాను.

సున్నాగీత
ఇసుకలో కదలకుండా పడి ఉన్న గొట్టం 400 జి చూపిస్తోంది, నువ్వు దాన్ని తీసేసి ముందుకి పోయావు!! ఒక పని చెయ్. ఏమీ తీసెయ్యకుండా, తాకినప్పటి నుంచి ఆగేదాకా త్వరణాన్ని ఇంటిగ్రేట్ చెయ్, అంటే క్షణక్షణం కూడితే వేగం వస్తుంది. గన్ వదిలిన వేగం నీకు తెలుసు, 60 రావాలి. ఎంత వస్తుందో చెప్పు.

ఇసుకబస్తా
70. రెండుసార్లు చూశా, 70.4.

సున్నాగీత
చూశావా. 400 జి అంటే 3,924 మీ/సె². 60 మీ/సె నుంచి 8 సెం.మీ.లో ఆగడానికి 2.7 మిల్లీసెకన్లు. రెండూ గుణిస్తే 10.6. నీ అదనపు పది మీటర్లు అవే, అంటే ఆ జరుగుడు మొదట్లోనే, తాకిన వెంటనే వచ్చేసింది. దీన్నే జీరో షిఫ్ట్ అంటారు. పీజోఎలక్ట్రిక్ సిరామిక్‌కి తట్టుకోలేనంత దెబ్బ తగిలితే లోపలి డొమైన్లు (ఛార్జి ఒకే దిశలో ఉన్న చిన్న ప్రాంతాలు) కొన్ని అటూ ఇటూ తిరిగిపోతాయి, ఛార్జి మిగిలిపోతుంది, గీత మళ్లీ సున్నాకి రాదు. సెన్సర్ ఛార్జిని పెంచే ఛార్జ్ యాంప్లిఫయర్ సాచురేట్ అయినా (హద్దుకి చేరి ఇరుక్కున్నా) అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఆఖర్న ఉన్న ఆఫ్‌సెట్‌ని మొత్తం రికార్డులోంచి తీసేస్తే గ్రాఫ్ అందంగా ఉంటుంది, కానీ ఆ జరుగుడు ఎప్పుడు ఎంత వచ్చిందో నీకు తెలీదు కాబట్టి అది వేషం మాత్రమే.
ఈ రేంజికి పీజోరెసిస్టివ్ మెమ్స్ సెన్సర్లు వాడతారు, సిలికాన్ మీద చెక్కిన బ్రిడ్జి. 20,000 జి, 60,000 జి రేంజుల్లో దొరుకుతాయి. అందులోనూ డ్యాంపింగ్ (మోతని అణిచే ఏర్పాటు) ఉన్నది చూసుకో. డ్యాంపింగ్ లేనిది తన సహజ పౌనఃపున్యం దగ్గర మోగి మోగి విరిగిపోతుంది, నేను రెండు పోగొట్టుకున్నా. ఇక నుంచి ప్రతి షాట్‌కీ ముందు చూడాల్సింది శిఖరం ఎంత అని కాదు, వేగం సరిపోయిందా, చివర గీత సున్నాకి దిగిందా అని.

గోడకుగుద్దేవాడు
నేను కార్ల క్రాష్ టెస్టుల్లో పని చేస్తా. మాకు ఎస్‌ఏఈ జే211 (క్రాష్ టెస్టు కొలతల ప్రమాణం) ప్రకారం క్లాస్ 1000 ఫిల్టర్ అంటే 1,650 హెర్ట్జ్ దగ్గర కోత, సెకనుకి 10,000 శాంపిళ్లు చాలు. మీరు 2 లక్షలు తీసి కూడా ఏడుస్తున్నారంటే ఆశ్చర్యంగా ఉంది

సున్నాగీత
మీ దెబ్బ 100 మిల్లీసెకన్లు సాగుతుంది బ్రదర్, ఇతనిది 3. మీ లెక్కన తీస్తే ఇతనికి మొత్తం ముప్పై చుక్కలు వస్తాయి.

ఇసుకబస్తా
ఇంకో డౌట్. నా గ్రాఫ్ మీద 20 కిలోహెర్ట్జ్ దగ్గర గట్టి అల ఒకటి సవారీ చేస్తోంది. అది గొట్టం కంపిస్తున్న మోత అనుకుని రిపోర్టులో కూడా రాసేశా. కరెక్టేనా?

లెక్కలపిచ్చి
స్టీలులో ధ్వని సుమారు 5,000 మీ/సె. 25 సెం.మీ. గొట్టంలో అలా వెళ్లి ఇలా రావడానికి 100 మైక్రోసెకన్లు, అంటే 10 కిలోహెర్ట్జ్. దానికి రెట్టింపు 20. రెండో మోడ్ (గొట్టం కంపించే రెండో తీరు) అనుకోవచ్చు, బాగానే కుదిరింది.

సున్నాగీత
బాగా కుదిరితేనే నాకు భయం. సెన్సర్ రెజొనెన్స్ (సహజ పౌనఃపున్యం) ఎంత? ఏడీసీకి (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్పుకి) ముందు అనలాగ్ ఫిల్టర్ ఉందా?

ఇసుకబస్తా
డేటాషీటులో 180 కిలోహెర్ట్జ్. ఫిల్టర్ లేదు, సాఫ్ట్‌వేర్‌లో వేసుకోవచ్చులే అనుకున్నా.

సున్నాగీత
నీ శాంపిల్ రేటు సెకనుకి 200 వేలు, అందులోంచి 180 తీసెయ్, ఎంత? 20. సెన్సర్ తన రెజొనెన్స్ దగ్గర మోగుతుంటే నువ్వు 200 దగ్గర శాంపిల్ చేస్తున్నావు, అది 20 వేషం కట్టి కూర్చుంది. ఒకసారి శాంపిల్ అయ్యాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వేరు చెయ్యలేదు.

లెక్కలపిచ్చి
అలా అని తేల్చెయ్యలేం, రెండో మోడ్ కూడా అక్కడే ఉంది కదా.

సున్నాగీత
వాదన ఎందుకు. రేటు 250 చేసి చిన్న స్టీలు బంతితో గొట్టం కొనమీద తట్టమను. గొట్టం మోత అయితే 20 దగ్గరే ఉంటుంది, దొంగ మోత అయితే 250 లోంచి 180 పోగా 70కి పారిపోతుంది.

ఇసుకబస్తా
తట్టాను. 70కి పారిపోయింది. 😭 10 దగ్గర మాత్రం చిన్న గుట్ట ఒకటి అలాగే ఉంది, అది గొట్టందే అయ్యుంటుంది. రిపోర్టులో ఆ పేజీ చింపేస్తా.

లెక్కలపిచ్చి
ఒప్పుకుంటున్నా, నాదే తొందర.

ఎపాక్సీ_చేతులు
ఎవరూ సిలికోన్ జెల్ గురించి మాట్లాడరేంటి? మెత్తటి జెల్‌లో బోర్డు ఈత కొడుతుంది. మేం అలాగే నింపాం, కోసి చూస్తే పొడుగు కెపాసిటర్ల కాళ్లు తెగి, వైర్లు జెల్‌ని కోసుకుంటూ పక్కకి జరిగి ఉన్నాయి, జెల్‌లో కత్తితో గీసినట్టు దారులు. గట్టి ఎపాక్సీ పొయ్యాలి.

మూడోప్రోటోటైప్
గట్టి ఎపాక్సీ పోసి కొట్టకముందే చంపుకున్నవాడిని నేను. ఒకేసారి మొత్తం పోశాను, గట్టిపడేటప్పుడు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, చల్లారాక కుంచించుకుపోయి సిరామిక్ కెపాసిటర్లని పగలగొట్టింది. ఒకటి అప్పటికప్పుడు షార్ట్ అవలేదు, మర్నాడు పొద్దున అయింది, అదింకా టెన్షన్.

ఎపాక్సీ_చేతులు
మొత్తం ఒకేసారి ఎందుకు పోశావు మరి. గాజు సూక్ష్మగోళాలు కలిపిన ఎపాక్సీ తీసుకో, బరువు తక్కువ, కుంచించుకోవడం తక్కువ. కలిపాక వ్యాక్యూమ్‌లో పెట్టి బుడగలు పొంగి పగిలేదాకా ఉంచు, తర్వాత రెండు మూడు విడతలుగా పొయ్. ముందుగా పెద్ద చిప్పుల కింద అండర్‌ఫిల్ (సందుల్లోకి పాకే పల్చటి జిగురు) పాకించు. ఒక్క గాలి బుడగ చిప్పు కింద మిగిలినా అక్కడ బోర్డు వంగుతుంది. మా ఒక ముక్కలో గుండుసూది తలకాయంత బుడగ, సరిగ్గా దానిమీద ఉన్న చిప్పు టంకం మాత్రమే చిట్లింది, పక్కనున్న పదకొండూ భేషుగ్గా ఉన్నాయి.

టంకం_పెద్దాయన
ఇద్దరి మాటా కలిపి పాటించండి. బోర్డు గుండ్రంగా, చిన్నదిగా, గొట్టం అక్షానికి అడ్డంగా ఉండాలి. ఇసుక తగిలినప్పుడు విడిభాగాలు బోర్డు మీదకి నొక్కుకునే వైపు పెట్టండి, ఊడి వచ్చే వైపు కాదు. వైర్లు వదులుగా ఒక్కటీ వేలాడకూడదు, వదులు వైరు కొరడా అవుతుంది.

గోడకుగుద్దేవాడు
కానీ గన్‌లో వెనక నుంచి తోసేటప్పుడు అవే భాగాలు ఊడే వైపు కదా లాగబడేది?

లెక్కలపిచ్చి
2 మీటర్ల గొట్టంలో 150 మీ/సె ఎక్కాలంటే సగటు 570 జి. ఇసుకలో 12,000. ఎవరికి భయపడాలో తెలిసిపోతోందిగా.

సున్నాగీత
సెన్సర్ ఫిల్టర్‌లో వాడే కెపాసిటర్లు ఎక్స్7ఆర్ రకం పెట్టొద్దు, వాటి సిరామిక్ కూడా పీజో గుణం ఉన్నదే, దెబ్బ తగిలితే తనే వోల్టేజి పుట్టిస్తుంది. సీ0జీ రకం వెయ్.

నిద్రలేనిఫర్మ్‌వేర్
రేటు పెంచేటట్టయితే మెమరీ కథ మారుతుంది. 4 ఛానెళ్లు, సెకనుకి 10 లక్షల శాంపిళ్లు, 2 బైట్లు అంటే సెకనుకి 8 ఎంబీ. 40 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐ (చిప్పుల మధ్య డేటా దారి) మీద ఎఫ్‌ర్యామ్ మింగేది 5. కాబట్టి ముందు ర్యామ్‌లో రింగ్ బఫర్ (నిండాక పాతదాని మీదే రాసుకుపోయే జాగా), దెబ్బ అయ్యాక ఎఫ్‌ర్యామ్‌లోకి. 20 మిల్లీసెకన్లకి 160 కేబీ, తరలించడానికి 32 మిల్లీసెకన్లు.

మూడోప్రోటోటైప్
ఫ్లాష్ పెడితే ఎక్కువ జాగా వస్తుంది కదా, ఎఫ్‌ర్యామ్ ఎందుకు పట్టుకు వేలాడటం?

నిద్రలేనిఫర్మ్‌వేర్
ఎస్‌పీఐ ఫ్లాష్‌లో 256 బైట్ల పేజీకి 0.7 మిల్లీసెకన్లు వేసుకో, 640 పేజీలకి 450 మిల్లీసెకన్లు. ఆ అరసెకను బ్యాటరీ పోతే కెపాసిటర్ మీద బతకాలంటే, 60 మిల్లీఆంప్స్‌కి, 1 వోల్టు పడనిస్తే 27 మిల్లీఫారడ్లు కావాలి, ఆ డబ్బాలో ఎక్కడ పెడతావు? ఎఫ్‌ర్యామ్‌కి 2 మిల్లీఫారడ్లు చాలు, 470 మైక్రోఫారడ్ టాంటలమ్ కెపాసిటర్లు అయిదు. హెడర్, చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో తేల్చే అంకె) ఆఖర్న రాయి, మధ్యలో కరెంటు పోతే సగం రికార్డు అని తెలుస్తుంది. నాలుగో ఛానెల్‌లో బ్యాటరీ వోల్టేజి రికార్డు చెయ్, ఈసారి ఏం పోయినా సుత్తి పట్టుకుని వెతుక్కోనక్కర్లేదు.

ఊరికేచూస్తున్నా
ఇంత చేసినా నిజంగా వేరే గ్రహం మీద ఎవరైనా ఇలా కొట్టారా, లేక ల్యాబు ఇసుకతోనే సరిపెట్టుకున్నారా

టంకం_పెద్దాయన
కొట్టారు. 1999లో అంగారకుడి మీదకి డీప్ స్పేస్ 2 అని రెండు చిన్న ప్రోబ్‌లు వెళ్లాయి. నేలలోకి దిగే ముందు భాగానికి 30,000 జి, పైన ఉండిపోయే వెనక భాగానికి 60,000 జి దాకా లెక్క వేసుకుని కట్టారు. డిసెంబర్ 3న దిగాల్సిన రోజు నుంచి ఒక్క ముక్క కూడా వినబడలేదు. ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు, కానీ 2000లో వచ్చిన సమీక్ష నివేదిక మాత్రం పరీక్షలు సరిపడా జరగలేదనే రాసింది.

ఊరికేచూస్తున్నా
అమ్మో. సరే బస్తా, నువ్వు కొడుతూనే ఉండు

ఇసుకబస్తా
నాలుగు వారాలు పట్టింది, చెప్పినవన్నీ మార్చా. డ్యాంపింగ్ ఉన్న పీజోరెసిస్టివ్ సెన్సర్, 50 కిలోహెర్ట్జ్ దగ్గర అనలాగ్ ఫిల్టర్, సెకనుకి 10 లక్షలు, మెమ్స్ క్లాకు, పట్టీలు వెల్డ్ చేసిన బ్యాటరీ, అయిదు టాంటలమ్‌లు, మూడు విడతల ఎపాక్సీ. నిన్న 150 దగ్గర కొట్టాం. గన్ మూతి దగ్గర లైట్ గేట్లు చెప్పిన వేగం 151, ఇంటిగ్రేట్ చేస్తే 147. చివర గీత 30 జి దగ్గర ఆగింది. రికార్డు మొత్తం ఉంది!

సున్నాగీత
30 జి అంటే ఈ టైముకి 1 మీ/సె లెక్క. మిగతాది గొట్టం కాస్త వంకరగా దిగడం వల్ల అయ్యుండొచ్చు, పక్క అక్షాలు కూడా ఇంటిగ్రేట్ చేసి చూడు.

ఇసుకబస్తా
చూస్తా. ఇంకోటి, నాలుగో ఛానెల్‌లో 1.7 మిల్లీసెకన్ల దగ్గర బ్యాటరీ 0.2 వోల్టులు గుంట పడి లేచింది. వెల్డ్ చేశాక కూడా ఎందుకు?

టంకం_పెద్దాయన
బయట వెల్డ్ చేశారు, లోపల ఎవరు చేశారు? ఆ డబ్బాలో చుట్టచుట్టిన రేకులు ఉంటాయి, అవి జరుగుతాయి. ఒకసారి దెబ్బ తిన్న బ్యాటరీని రెండో షాట్‌కి వాడకండి, లోపల షార్ట్ అయితే లిథియంతో ఆటలొద్దు.

ఇసుకబస్తా
తీసి పక్కన పెట్టేశా. అయినా రెండో షాట్ ఎక్కడిది లెండి, యూఎస్‌బీ సాకెట్ నలిగి రేకుముక్క అయిపోయింది. ఎపాక్సీని బ్లేడుతో గీకి ఎఫ్‌ర్యామ్ కాళ్లకి వైర్లు అతికి చదవడానికి మూడు గంటలు పట్టింది.

నిద్రలేనిఫర్మ్‌వేర్
డేటా తీసుకోవడానికి అడుగున నాలుగు రాగి ప్యాడ్లు వదలమని ఎవరూ చెప్పలేదా నీకు?

ఇసుకబస్తా
నువ్వే చెప్పలేదు 🙏